సరిచూసినవారు

ఆ మనిషి రెండో రోజు కూడా వచ్చి కూర్చుంది.

రిసెప్షన్‌లో గోడవారన నాలుగు కుర్చీలుంటే అన్నిటికన్నా చివరిదాంట్లో, సంచి ఒళ్లో పెట్టుకుని, వీపు ఆనించకుండా కూర్చుంది. మంగళవారం తొమ్మిదిన్నరకి వచ్చి సాయంత్రం ఆఫీసు మూసేదాకా ఉంది. బుధవారం తొమ్మిదికే వచ్చేసింది. పోట్లాడదు, ఏడవదు. ఎవరైనా లోపలి తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడి ఒకటే మాట అడుగుతుంది.

"ఆ పని చేసింది ఎవరండీ? ఒక్కసారి మొహం చూసి వెళ్లిపోతాను."

తలుపు తెరిచినవాళ్లు తల దించుకుని, కార్డు గీకి, లోపలికి జారుకునేవారు. పెద్దక్క కూడా అంతే చేసింది. పెద్దక్క అన్నది ఆఫీసు పెట్టిన పేరు. పర్మనెంటు ఉద్యోగుల్లో వయసుకి పెద్దది, నలభై ఆరేళ్లు. ఆ టీములో ఎవరు ప్రోగ్రాములో ఏ మార్పు రాసినా ఆమె చదివి, "సరే" అని పచ్చ బటన్ నొక్కితేగానీ అది జనం వాడే సైటులోకి వెళ్లదు.

వాళ్లది ఆస్పత్రుల సైటు. రోగి ఫోనులోంచే డాక్టరు దగ్గర టైము తీసుకోవచ్చు, తన రిపోర్టు తను చూసుకోవచ్చు. ఎక్కడెక్కడివాళ్లో జీతం భత్యం లేకుండా రాసి, ఎవరైనా ఊరికే వాడుకోండని లోకానికి వదిలేసిన చట్రంలాంటి ఫ్రేమ్‌వర్క్ ఒకటుంటే, దానిమీద కట్టారు దీన్ని. మొదట్లో రెండు ఆస్పత్రులు. మూడేళ్లు తిరిగేసరికి అరవై ఒకటి. ఇద్దరికోసం కట్టిన ఇంట్లో అరవైమంది దిగితే ఏమవుతుంది? ప్రతి సోమవారం పది గంటలకి జనం ఒక్కసారిగా మీదపడేసరికి సైటుకి ఆయాసం వచ్చేది. పేజీ తెరుచుకోవడానికి ముప్పై సెకన్లు. ఆస్పత్రుల నుంచి తిట్లు.

మొన్న సోమవారం మాత్రం రెప్పపాటులో తెరుచుకుంది. పదీ పది నుంచి నలభై నిమిషాలపాటు "నా రిపోర్టు" అని నొక్కిన ప్రతివాళ్లకీ ఒకే రిపోర్టు కనపడింది. అదిగో, ఆ చివరి కుర్చీలో కూర్చున్న మనిషిది. పేరు, ఫొటో, ఇంటి చిరునామా, కింద పెద్ద అక్షరాల్లో జబ్బు పేరు: క్షయ. రెండువేల నూట పద్నాలుగు మంది చూశారు.

ఆవిడ ఒక శిశు సంరక్షణ కేంద్రంలో ఆయా. తల్లిదండ్రులు పనులకి వెళ్తూ పిల్లల్ని అక్కడ వదిలి వెళ్తారు. చూసిన రెండువేల మందిలో ఇద్దరు ఆ తల్లిదండ్రులే. మధ్యాహ్నం పిల్లలు నిద్ర లేవకముందే ఆమెని ఇంటికి పంపేశారు. మళ్లీ రావద్దన్నారు.

*

టీము నడిపేవాడిని వెనకాల అందరూ తుఫాను అంటారు. వస్తే వచ్చినట్టు చెప్పడు, పోతే పోయినట్టు చెప్పడు, వెళ్లాక మాత్రం అందరి బల్లలూ చిందరవందర. పెద్దక్క కంటే ఎనిమిదేళ్లు చిన్న. ఆ బుధవారం ఆమెని గాజు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"అక్కా, శుక్రవారం సాయంత్రానికి ఆస్పత్రులన్నిటికీ రిపోర్టు వెళ్లాలి. ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎవరి వల్ల జరిగింది. మీరే రాయండి. మీ మాటకి విలువ ఉంటుంది."

"ఏం జరిగిందో నిన్ననే తెలిసిందిగా."

తెలిసింది. లాగిన్ అయిన మనిషి పేజీ ఆ మనిషిదే. అందుకని ఫ్రేమ్‌వర్క్ తనంతట తానే అలాంటి ప్రతి పేజీమీదా ఒక ముద్ర కొడుతుంది: ఇది సొంతం, దాచుకోవద్దు అని. జనానికి ఎదురుగా నిలబడే సర్వర్లు ముద్ర లేని పేజీలకి మాత్రం కాపీ తీసి పెట్టుకుని, అడిగినవాళ్లందరికీ అదే కాపీ చేతిలో పెడతాయి. కాపీ ఇవ్వడానికి కష్టమేముంది, అందుకే వేగం. ఆ ముద్ర పడకుండా శుక్రవారం ఒక్క లైను చేరింది, సోమవారం పొద్దున సైటులోకి వెళ్లింది. పదీ పదికి తన రిపోర్టు మొట్టమొదట తెరిచింది ఆ ఆయా. ఆమె పేజీయే కాపీ అయి కూర్చుంది.

ప్రతి లైనుకీ పక్కన రాసినవారి పేరుంటుంది. ఈ లైను పక్కన టీములోనే పనిచేసే మేష్టారి పేరుంది.

"ఫారంలో రెండు గళ్లున్నాయి," అన్నాడు తుఫాను. "రాసినవారు, సరిచూసినవారు. మొదటిదాంట్లో మేష్టారి పేరు రాసెయ్యండి. రెండోది ఖాళీగా వదిలెయ్యండి. ఎవరూ అడగరు."

"సరిచూసింది నేను కదా."

"అందుకే వదిలెయ్యమంటున్నా." కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఆయన కాంట్రాక్టు మనిషి అక్కా. ఇవాళ కాకపోతే రేపు పోయేవాడే. మూడు ఆస్పత్రులు మానేస్తామని కూర్చున్నాయి. అవి పోతే వెనకాలే ఇంకో పది. అప్పుడు పోయేది ఒక్క మేష్టారు కాదు, మనందరం. నాకు మాత్రం సరదాగా ఉందా?"

కళ్లకింద నల్లటి చారలున్నాయి. భయపడుతున్నాడు, అది నిజమే. భయపడినవాడు పక్కవాడి భుజమెక్కి నిలబడటం కొత్తేమీ కాదు.

*

మేష్టారు ఇరవై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పాడు. బడి మూతపడ్డాక నలభై ఎనిమిదో ఏట కూర్చుని ప్రోగ్రామింగు నేర్చుకున్నాడు. రెండు చూపుడువేళ్లతో టైపు చేస్తాడు, వడ్లగింజలు ఏరినట్టు. కానీ రాసింది చెరపడం తక్కువ. ఏ చిన్న మార్పు పంపినా కింద పాఠం చెప్పినట్టు ఒక పొడుగాటి కామెంటు పెడతాడు. ఆఫీసంతా దానికి మేష్టారి పురాణమని పేరు పెట్టి నవ్వుకుంది. ఒకసారి ఆ ఫ్రేమ్‌వర్క్ వాళ్ల మాన్యువల్లో ఒక తప్పు లెక్క పట్టుకుని దిద్ది పంపితే, వాళ్లు ఒప్పుకుని, థాంక్స్ చెప్పి, సాయం చేసినవాళ్ల జాబితాలో ఈయన పేరు కూడా చేర్చారు. దాన్ని ఫోనులో అందరికీ చూపించాడు. దానికీ నవ్వారు. పెద్దక్క కూడా నవ్వింది.

ఆమె వెళ్లేసరికి మేష్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"మేష్టారూ, ఆ లైను..."

"తెలుసమ్మా. నా పేరు మీదుంది. మిషను నాది, చెయ్యి నాది కాదు."

"అంటే?"

"శుక్రవారం సాయంత్రం సారు వచ్చారు. ఎంతసేపు మేష్టారూ, లేవండి అని నా కుర్చీలో కూర్చుని టకటకా కొట్టేశారు. పది సెకన్లు. నేను వెనకాల నిలబడ్డాను. ఇది వద్దని పుస్తకంలో రాసుంది సార్ అన్నాను. పాఠం తర్వాత చెబుదురుగాని, పెద్దక్కకి పంపెయ్యండి అని లేచిపోయారు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

మేష్టారు కళ్లజోడు పెట్టుకుని ఆమెని చూశాడు. చిన్నపిల్ల తెలిసి తెలిసి అబద్ధమాడితే చూసినట్టు చూశాడు.

"చెప్పాను కదమ్మా. మీకే రాశాను. మీరు సరే అన్నారు. మీరే సరే అన్నాక నాదేముంది?"

"నాకు రాశారా? ఎక్కడ?"

"దాని కిందే."

ఆమె తన బల్ల దగ్గరికి నడిచింది. ఎవరో టీ తాగుదామా అంటే వినపడలేదు. ఆ మార్పుని తెరిచింది. లైను ఉంది. దాని కింద ఆమె "సరే" ఉంది. ఈ రెంటికీ మధ్య బూడిదరంగులో సన్నటి చార ఒకటుంది. ఆ చార ఏమిటో ఆమెకి తెలుసు.

మూడు నెలల కిందట రోజుకి నలభై, యాభై మార్పులు వచ్చిపడుతుంటే, పది లైన్లు దాటిన కామెంట్లన్నీ మడిచి చూపించమని తన స్క్రీనుకి తనే చెప్పుకుంది. పది లైన్లు దాటి రాసేది ఆఫీసు మొత్తంలో ఒక్కరే. మడతపెట్టింది కామెంట్లని కాదు, ఆయన్ని. పక్కసీటు అమ్మాయికి చూపించి, "హమ్మయ్య, పురాణం బంద్" అని కూడా అంది.

చార మీద నొక్కింది. మడత విప్పుకుంది.

"అమ్మా, ఈ లైను సారు నా సీటులో కూర్చుని రాశారు. వేగం వస్తుంది, కాదనను. కానీ ఈ ముద్ర తీయకూడదని ఫ్రేమ్‌వర్క్ మాన్యువల్లో స్పష్టంగా ఉంది. తీస్తే ఒకరి పేజీ ఇంకొకరికి పోతుంది. మనది ఆస్పత్రుల సైటు కాబట్టి భయంగా ఉంది. అసలు ఆలస్యం ఇక్కడ లేదు. రిపోర్టు పేజీ ఒక్కసారి తెరవడానికి మనం డేటాబేసుని మూడువందల నలభై సార్లు అడుగుతున్నాం. వరసగా మూడు రోజులు లెక్కపెట్టాను. మూడుసార్లు అడిగితే సరిపోతుంది. అలా మార్చడానికి నాకు ఐదు రోజులు కావాలి. మీరు కాదంటే ఇది ఆపేస్తాను. మీ మాట కోసం చూస్తూ ఉంటాను."

ఇది పంపింది ఐదూ నలభై ఒకటికి. ఆమె "సరే" నొక్కింది కూడా ఐదూ నలభై ఒకటికే. మధ్యన పన్నెండు సెకన్లు. అప్పటికి భుజానికి సంచి తగిలించుకుని, నిలబడే నొక్కింది. ఆ సంగతి ఇప్పుడు బాగా గుర్తొచ్చింది.

*

గురువారం పొద్దున ఆమె భర్త ఇస్త్రీ చేస్తున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. ఆ రోజు సెలవు కాబట్టి వారానికి సరిపడా యూనిఫారాలు కుప్పపోసుకుని కూర్చున్నాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని మొత్తం చెప్పింది.

ఆయన చొక్కా కాలరు మీద నీళ్లు చల్లి పెట్టె పెట్టాడు. ఆవిరి లేచింది.

"అయితే ఆ తుఫానుగాడు రాస్తే నువ్వు ముద్దర వేశావు."

"ఆఁ."

"ఖాళీ వదిలెయ్యమన్నాడు."

"ఆఁ."

"నీకు ఇక్కడ ఉద్యోగం పోతే ఇంకెక్కడన్నా ఇస్తారా?"

"నలభై ఆరేళ్లదాన్ని ఎవడు పిలుస్తాడండీ? అందులోనూ ఆస్పత్రి రోగుల బతుకులు వీధిలో పెట్టిందని తెలిశాక!"

ఆయన చొక్కా తిప్పాడు. చాలాసేపు చేతుల మడతల మీదే పనిచేశాడు. చివరికి పెట్టె నిలబెట్టి, "నన్ను మాత్రం అడక్కు," అన్నాడు. "నీ పేరు రాసెయ్ అంటే రేపు ఇల్లు గడవనప్పుడు నువ్వే అన్నావుగా అంటావు. వద్దంటే ఆ మేష్టారి మొహం గుర్తొచ్చినప్పుడల్లా నన్ను తింటావు. నా నోటితో అనిపించకు."

"మీరు మహా గడుసువాళ్లు."

"ఇరవై ఏళ్లుగా నీతో కాపురం చేస్తున్నా, గడుసుతనం రాకేంచేస్తుంది?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక గది అంతకుముందుకన్నా బరువుగా ఉంది. వెళ్లేముందు ఆయన ఆమె సంచి అందించి, "బస్సు ఎవరికన్నా తగిలితే ముందు దిగి చూడాలి. మాకు నేర్పేది అదొక్కటే," అన్నాడు. అననంటూనే అనేశాడు మరి.

*

ఆ రోజు మూడో రోజు. ఆయా అదే కుర్చీలో ఉంది.

లోపల మేష్టారి స్క్రీను నల్లగా ఉంది. ఆయన నిలబడి ఒక అట్టపెట్టెలో సామాను సర్దుకుంటున్నాడు. సామానంటే ఏముంది, రెండు నోటుపుస్తకాలు, ఒక స్వెట్టరు, నీళ్ల సీసా.

"ఏమైంది మేష్టారూ?"

"పది గంటలకి లాగిన్ పోయిందమ్మా. ఏజెన్సీ వాళ్లు ఫోను చేశారు. రేపటినుంచి రానక్కర్లేదట."

పెద్దక్క గాజు గది తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్లింది.

"రిపోర్టు నేనింకా రాయలేదు. ఈలోపే ఆయన్ని ఎలా పంపించారు?"

"ఆస్పత్రులవాళ్లు ఏం చర్య తీసుకున్నారని అడుగుతున్నారు. చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అక్కా."

"లైను మీరు రాశారు."

తుఫాను మొహం ఒక్క క్షణం ఖాళీ అయిపోయింది. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను రాశానని ఎక్కడుంది?"

"మేష్టారి కామెంటులో ఉంది. నాకు రాసిన కామెంటు. నేను చదవని కామెంటు."

"ఆయన అకౌంటు తీసేస్తే కామెంట్లు కూడా పోతాయి. చెప్పాను, సాయంత్రానికి తీసేస్తారు."

"నా దగ్గర కాపీ ఉంది."

"మీకేమైనా మతి పోయిందా? ఆ కాపీ బయటపెడితే ముందు మునిగేది మీరు! నేను వంద హడావిడుల్లో ఉండి రాశానంటాను. మరి మీరు? చదవడమే మీ ఉద్యోగం. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకుందామనుకుంటున్నారేమో, మీ పిడికెడే పెద్దది."

అన్నిటికన్నా మండింది అక్కడే. వాడన్నది నిజం.

ఆమె బయటికొచ్చి మేష్టారి వెంట లిఫ్టు దాకా నడిచింది. అట్టపెట్టె పట్టుకుంటానంటే ఆయన ఇవ్వలేదు.

"చూశాను మేష్టారూ. మీరు రాసింది. నిన్ననే చూశాను."

"మీరు అప్పుడే చదివి ఉంటే బాగుండేది."

"నన్ను తిట్టండి."

"ఇరవై రెండేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దానమ్మా. చదవకుండా టిక్కు పెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. అందుకని తిట్టడానికి నోరు రావడం లేదు." లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఆయన ఎక్కి, పెట్టెని మోకాలి మీద ఆన్చుకుని, ఇటు తిరిగాడు. "కానీ కోపం మాత్రం వస్తోంది. చాలా వస్తోంది. మీరంతా నవ్వుకుంటారని నాకు తెలుసు. పోనీ, నవ్వితే నవ్వారు, చదువుతారనుకున్నాను."

తలుపులు మూసుకున్నాయి.

*

శుక్రవారం పొద్దున పెద్దక్క రిపోర్టు రాసింది. రాసినవారు అన్న గడిలో, మేష్టారి సీటులో కూర్చుని రాసిందెవరో రాసింది. మేష్టారు వద్దన్నాడని రాసి, ఆయన కామెంటు ఉన్నదున్నట్టు అతికించింది. సరిచూసినవారు అన్న గడిలో తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. చదవలేదు అని రాసింది. ఆ మాట దగ్గర వేళ్లు ఆగాయి. చదవడానికి వీలుపడలేదు అని మార్చింది. అది చూస్తే తనకే రోత పుట్టింది. మళ్లీ చదవలేదు అనే పెట్టింది. అరవై ఒక్క ఆస్పత్రులకీ, పై డైరెక్టరుకీ, మేష్టారికీ, తుఫానుకీ ఒక్కసారే పంపింది. ఐదు నిమిషాల్లో తుఫాను దగ్గర్నుంచి ఒక్క లైను వచ్చింది: సోమవారం మీతో డైరెక్టరు మాట్లాడతారు. మాట్లాడటమంటే ఏమిటో ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ తర్వాత ఒక కాగితం వేరేగా టైపు చేసింది. కంపెనీ పేరున్న కాగితం మీద, తేలిక మాటల్లో, జరిగింది జరిగినట్టు. సంతకం పెట్టింది. రిసెప్షన్‌లోకి వెళ్లింది.

ఆయా లేచి నిలబడింది. నాలుగు రోజుల్లో ఆ తలుపులోంచి వచ్చి తన ముందు ఆగిన మొదటి మనిషి పెద్దక్కే.

"ఆ పని చేసింది ఎవరండీ?"

"ఒకాయన రాశారు. నేను ఆపాలి, ఆపలేదు. ఆపమని ఇంకొకాయన రాసి పంపారు, నేను చదవలేదు. నేనేనమ్మా."

ఆయా ఆమెని పైనుంచి కింద దాకా చూసింది. తిడుతుందని, కొడుతుందని పెద్దక్క ఎదురుచూసింది. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"మీరు చదువుకున్నవాళ్లు కదా?"

"అవును."

"నా దగ్గర ఇరవైమంది పిల్లలుంటారు. ఇరవై పాలసీసాలు, ఒకేలా ఉంటాయి. ఒకరికి పాలు పడవు, ఒకరి పాలల్లో మందు కలిపి ఉంటుంది. సీసా మీద పేరు చదివి, పిల్ల మొహం చూసి, అప్పుడు నోట్లో పెడతాను. నేను ఆరో తరగతే చదివాను. ఒక్కసారీ తప్పు పోలేదు."

పెద్దక్క కాగితం ఇచ్చింది. ఆయా కూర్చుని, సంచి పక్కన పెట్టి, వేలు పెట్టుకుని చదవసాగింది. పెదవులు కదులుతున్నాయి. ఒక మాట దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ చదివింది. లోపలి తలుపు రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది. ఆమె తల ఎత్తలేదు. సంతకం దాకా చదివింది.

"ఇందులో మీరున్నారు," అంది. "ఆ రాసినాయన ఉన్నాడు, వద్దన్నాయన ఉన్నాడు. నేనేదీ?"

"మీ పేరు పైనుంది కదమ్మా, జరిగిన నష్టానికి..."

"పేరు కాదండీ. నాకు తగ్గిపోయిందని ఎక్కడుంది?"

పెద్దక్క చెయ్యి చాపి కాగితం తీసుకుని చూసింది. లేదు. ఎక్కడా లేదు.

"ఆరు నెలలు మాత్రలు మింగాను. ఒక్క పూట మానలేదు. పూర్తిగా పోయింది, ఎవరికీ అంటదు, పనికి వెళ్లొచ్చని డాక్టరమ్మ రాసింది. అది రెండో పేజీలో ఉంటుంది. అందరికీ కనపడింది మొదటి పేజీ. కిందకి నొక్కితేగానీ రెండోది రాదు. ఎవరూ నొక్కలేదు." ఆయా ఆగింది. "మీరు నొక్కారా?"

సోమవారం నుంచి ఆ రిపోర్టుని పెద్దక్క యాభైసార్లు తెరిచి ఉంటుంది. ఎప్పుడు కాపీ అయింది, ఎన్ని నిమిషాలు నిలిచింది, ఎంతమంది చూశారు, అంతా లెక్కకట్టింది. కిందకి నొక్కలేదు.

"లేదు," అంది.

ఆయా సంచిలోంచి ఫోను తీసింది. అద్దం మూల పగిలి ఉంది. ఓపిగ్గా తెరిచి, రిపోర్టులోకి వెళ్లి, కిందకి నొక్కి, ఆమెకి అందించింది.

"ఇది కూడా ఆ కాగితంలో రాసి ఇవ్వండి. దాన్ని పట్టుకుని మా మేడం దగ్గరికి వెళ్తాను. తీసుకుంటారో లేదో వాళ్ల ఇష్టం. ముందు మాత్రం చదవండి."

"ఇప్పుడే రాసి తెస్తాను, లోపలికి వెళ్లి..."

"ఇక్కడే. పైకి చదవండి."

"అందరూ వింటారమ్మా."

"మొదటి పేజీ అందరూ చూశారు కదా. ఇదీ విననివ్వండి."

రిసెప్షన్ అమ్మాయి టైపు చేయడం ఆపింది. లోపలి తలుపు తెరిచి ఇద్దరు ప్రోగ్రామర్లు బయటికి రాబోయి, అక్కడే నిలబడిపోయారు. పెద్దక్క ఫోనుని రెండు చేతులతో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి లైను గబగబా అయిపోయింది.

"మెల్లగా," అంది ఆయా. "మొదట్నుంచి చదవండి."